అరవై ఒకటో రోజు

మొన్న సిరిసిల్లకు దుప్పట్లు కొనడానికి పోయాను. మల్యాల నుంచి దుప్పటి కోసం అంత దూరమెందుకని మా అక్క నవ్వింది గానీ, మగ్గం పక్కన కొన్న బట్ట వేరు, ఫోన్లో బొమ్మ చూసి తెప్పించుకున్న బట్ట వేరు. దుకాణాయన తెల్లటి డబుల్ దుప్పటి తీసి, అక్కడున్న పరుపు మీద పరిచి పట్టి చూడమన్నాడు. నేను పట్టి చూడలేదు. నా చేతులు వాటంతట అవే పరుపు మూల ఎత్తి, అంచును ఏటవాలుగా మడిచి, లోపలికి దోపేశాయి. దాన్ని లిఫాఫా మడత అంటారు, ఉత్తరం కవరు మూల ఉన్నట్టే ఉంటుంది. హోటల్లో పనిచేసినవా అమ్మా అని ఆయన అడిగాడు. మూడు నెలలు చేశానని, అదీ పదేళ్ల కిందటి మాటని చెప్పాను. చేతులకున్న యాది మనిషికి ఉండదు.

మా ఆయనది పెళ్లినాటికే దుబాయి పని. అక్కడ సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే చోట ఉండేవాడు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. మా దిక్కు దాన్ని చుట్టీ అంటారు. చుట్టీ మీద వచ్చే మొగుడు చుట్టమే అని మా అక్క వేళాకోళం, అందులో అబద్ధమేం లేదు. దిగిన రోజు నుంచి కోడికూర, కొత్త బట్టలు, కొండగట్టుకు పోయిరావడం, వచ్చేపోయేవాళ్లకు చాయలు. పోట్లాడుకుందామన్నా తీరిక ఉండదు. అరవయ్యో రోజుకల్లా పెట్టె సర్దడం. ఆయన లేని రెండేళ్లూ బీడీలు చుట్టుకుంటూ, కూతురినీ కొడుకునూ చూసుకుంటూ, నా ఇంటికి నేనే పెద్దను.

అట్లా ఒక చుట్టీలో, వచ్చి పది రోజులన్నా కాకముందే ఫోను వచ్చింది. దుబాయిలో ఆయన పైన పనిచేసిన ఒకాయన, నెల్లూరు దిక్కు సముద్రం ఒడ్డున జాలర్ల ఊరి పక్కన కొత్తగా పెట్టిన రిసార్టును చూసుకుంటున్నాడు. రిసార్టంటే ఒక్క బిల్డింగు కాదు, ఊరికి ఊరే. కొబ్బరిచెట్ల మధ్య ముప్పై గుడిసెలు, బయట తాటాకు, లోపల ఏసీ. గుంట జాగ లేని మావాళ్లు గుడిసెలోంచి పెంకుటింట్లోకి రావడానికి మూడు తరాలు పట్టింది. ఈ జనం కార్లేసుకొని వచ్చి మళ్లీ గుడిసెలోకే దూరుతున్నారని నాకు ఒకటే నవ్వు. భార్యాభర్తలిద్దరికీ పని, ఉండటానికి గది ఇస్తారట. మూడు నెలలు చూసి, నచ్చితే పిల్లల్ని తెచ్చుకొని అక్కడే ఉండిపోవచ్చట. బయట ఆర్నెల్లు దాటితే దుబాయి వీసా పోతుంది కాబట్టి ఆలోపే ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఆయన కంపెనీని బతిమిలాడి సెలవు పొడిగించుకున్నాడు. పిల్లలను కోరుట్లలో మా అక్క దగ్గర దించి పోయాం.

సముద్రాన్ని మొదటిసారి చూసి అరగంట కదలకుండా నిలబడ్డాను. మర్నాటి నుంచి దాని దిక్కు చూసే తీరిక లేదు. పొద్దున లేస్తే దుప్పట్లు, తువ్వాళ్లు, దిండ్ల గలీబులు. ఉప్పుగాలికి ఒళ్లంతా జిగట, ఆరేసిన బట్ట ఆరినట్టే ఉండి చేతికి తేమ తగిలేది. లిఫాఫా మడత నాకు ఆయనే నేర్పాడు. సాయంత్రం పని దిగాక ఇద్దరం ఇసుకలో కూర్చొని పల్లీలు తినేవాళ్లం. నిజం చెప్పాలి, పదిహేనేళ్ల కాపురంలో అంత సుఖం నేనెరగను. ఆయన వచ్చిన రోజు నుంచి క్యాలెండరులో గీతలు పెట్టుకోవడం నాకు అలవాటు. అరవై గీతలు నిండాయి. అరవై ఒకటో రోజు ఆయన పెట్టె సర్దలేదు. అన్నం ముందు కూర్చొని, కూరలో ఉప్పెక్కువైంది అన్నాడు. అంతవరకు ఎన్నడూ అనని మాట. ఇక చూడండి, తువ్వాలు ఎక్కడ ఆరేయాలో చెప్పడం, పక్కగది ఆమెతో అంతసేపు ముచ్చటేందనడం, మూల సరిగా రాలేదని అందరి ముందు దుప్పటి మొత్తం లాగేయడం. చుట్టం పోయి మొగుడు దిగాడు. పగలంతా గుడిసెలు సర్ది, గదికొచ్చి మళ్లీ ఆయన చేత నన్ను నేను సర్దించుకోవడం నా వల్ల కాలేదు.

మూడు నెలలు కావస్తుండగా, ఉంటారా పోతారా అని అడిగారు. ఉంటామని మా ఆయన చెప్పేశాడు. నా మీది సూపర్‌వైజరు నెల్లూరామె, మంచి మనిషి. ఫారం నింపుతూ, బిడ్డలెంతమందమ్మా అంది. ఒక్కతే అన్నాను. మా దగ్గర బిడ్డ అంటే ఆడపిల్ల, కొడుకును కొడుకనే అంటాం. వాళ్ల దిక్కు ఆడా మగా అందరూ బిడ్డలే. ఆమె ఒకటని రాసి, కింద కూతురి పేరు అడిగి రాసుకుంది, ఇంగ్లీషులో రాసింది నాకేం తెలుస్తుంది. మా ఆయన మురిసిపోయి, చదవకుండానే ఆ కాగితం ఫొటోను మా అక్క ఫోనుకు పంపాడు. సాయంత్రం కొడుకు ఫోను చేశాడు. పన్నెండేళ్లవాడు.

"అమ్మా, గా కాయితంల నా పేరు లేదు. బాపు, నువ్వు, అక్క. నేను పెద్దమ్మ కాడనే ఉండాల్నా?"

బిడ్డ మాట తెచ్చిన తిప్పలు వాడికి విడమర్చి చెప్పాను. సరేతియ్ అని పెట్టేశాడు. మా ఆయన మొదట పడీపడీ నవ్వాడు, తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"రేపు పోయి ఆమెకు చెప్పు. కొట్టేసి రెండని రాస్తది, అంతే. నాకు మల్ల దుబాయి పోబుద్ధి అయితలేదు. గీడనే ఉందాం."

మర్నాడు పోయాను. ఆమె తువ్వాళ్ల కుప్ప ముందేసుకొని ఉంది. ఎదురుగా కూర్చొని నేనూ మడతేశాను. కుప్ప అయిపోయింది. మీ పాప ఎన్నో తరగతి అని ఆమే అడిగింది, చెప్పాను. కొడుకు సంగతి మాత్రం ఎత్తలేదు. బయటకొచ్చి వేడి ఇసుకలో నిలబడి, మల్యాలలో తాళం వేసిన నా ఇంటిని తలుచుకున్నాను. నా పొయ్యి, నా బీడీల చాట, ఉప్పు సంగతి అడిగే దిక్కు లేని నా కూర. గదికి పోయి, ఒక్కరికేనట, పిల్లగానికి జాగ లేదట అని చెప్పాను.

"ఆమె అన్నదా గట్ల?"

"అన్నది."

మంచం కింది పెట్టెను బయటికి లాగాడు. కొడుకును ఇడిసిపెట్టి ఎట్లుంటం, పోదాం తియ్ అన్నాడు. కొడుకు కోసమే అబద్ధమాడానని చాలా రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. ఊరికొచ్చిన వారానికి ఆయన విమానమెక్కాడు. ఆ తర్వాత పదేళ్లు, మళ్లీ అవే చుట్టీలు. కొడుక్కిప్పుడు కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, వాడికి ఆ ఫోను సంగతే యాదిలేదు. ఆయన మాత్రం వచ్చిన ప్రతిసారీ, గా సముద్రం కాడి గది మంచిగుండెనే అని ఒక్కసారైనా అంటాడు. నేను చాయ పెట్టే మిషతో లేచిపోతాను.

వచ్చే నెల వస్తున్నాడు. మోకాళ్లు అరిగాయి, ఇక పోయేది లేదు. దుకాణాయన దుప్పటి మడతేసి సంచిలో పెడుతూ, చుట్టాలెవరన్న వస్తున్నరా అమ్మా అన్నాడు. కాదు, మా ఇంటాయన అన్నాను. బస్సులో సంచి ఒళ్లో పెట్టుకొని ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ అబద్ధం సంగతి ఆయనకు చెప్పేస్తాను, కానీ దిగగానే కాదు. చుట్టానికి చెప్పే మాట కాదది. అరవై ఒకటో రోజున, కూరలో ఉప్పెక్కువైందని ఆయన అన్నాక చెబుతాను. పదేళ్లు ఆగిన మాట, ఆయన వచ్చాక ఇంకో రెండు నెలలు ఆగదా.