తాండూరు షెడ్డులో కోడ్లు చదివిన గొంతు

దయ్యాల మాటెత్తితే నేను అక్కణ్నుంచి లేచిపోయే రకం. వికారాబాదులో మా వాడకట్టు వాళ్లు అనంతగిరి అడవిలో ఏదో కనపడిందని చెప్పుకుంటుంటే, ముందు కళ్లు చూపించుకోండయ్యా అని మొహం మీదే అనేవాణ్ని. ఇప్పటికీ అలాంటి కబుర్లు వింటే నాకు నవ్వే వస్తుంది. కాబట్టి ఇది చదివి నన్ను వాళ్లలో కలపకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

ఎనభైల నాటి సంగతి. హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రానిక్స్ పని చేస్తూ, పై అధికారితో పడక ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చాను. ఇంట్లో మా అక్క మణెమ్మ ఒక్కతే ఉండేది. మాది గొర్రెలు కాసే ఇల్లు. బావ పోయాక ఆమె పుట్టింటికే వచ్చి మందను చూసుకునేది. నాకు పెళ్లి కాలేదు. ఉన్నది ఇద్దరమే.

అప్పట్లో నా బుర్రను ఒకటే పురుగు తొలిచేది. కంప్యూటరు చెప్పినట్టు రాళ్లు కోసే యంత్రాలు విదేశాల్లో వచ్చాయి. వాటి ధర వింటేనే మన చిన్న షాపులవాళ్లకు కళ్లు తిరుగుతాయి. అరచేతికి కాస్త పెద్దగా ఉండే కంప్యూటరు బోర్డు ఒక్కదానితో ఆ పని చవకగా చేయించాలని నా పంతం. తాండూరులో బండలు కోసే షెడ్లు బోలెడు. బండను మోసే బల్లను మనిషి చేత్తో చక్రం తిప్పుతూ బ్లేడు కిందికి జరుపుతాడు. ఆ చక్రం తీసేసి మోటార్లు బిగించి, బోర్డుతో నడిపిస్తే ప్రతి బండా ఒకే కొలతలో వస్తుంది.

అక్క అంతా విని, ఒక్క ముక్క అర్థం కాలేదని చెప్పి, ఆ వచ్చే సంతలో మంద మొత్తం అమ్మేసింది. ఒక్క గొర్రెపిల్లను కూడా ఉంచుకోలేదు. బోర్డూ మోటార్లూ వచ్చింది ఆ డబ్బుతోనే.

"గొర్లు పోతే మల్ల కొనుక్కుంటం. నువ్వు గిట్ల గమ్మున కూసుంటే నాకు మంచిగనిపిస్తలేదు తమ్మీ" అంది.

ఆ బోర్డుతో ఒక తంటా ఉంది. కరెంటు పోతే అందులో ఎక్కించిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ మొదటినుంచి మీటలు నొక్కి ఎక్కించాలి. వందల కోడ్లు. ఒక్కో కోడులో అంకెలో, ఏ నుంచి ఎఫ్ దాకా ఉన్న ఇంగ్లీషు అక్షరాలో రెండుంటాయి. కాగితమూ మీటలూ రెండూ చూస్తుంటే నాకు వరస తప్పేది. అందుకని అక్క నా వెనక కూర్చుని చదివేది, నేను నొక్కేవాణ్ని. బీ, సీ, డీ, ఈ అన్నీ ఆమె నోట ఒకేలా వినిపిస్తున్నాయని నేను విసుక్కుంటే, వాటికి చుట్టాల పేర్లు పెట్టుకుంది. ఏ అంటే అక్క, బీ బాపు, సీ చెల్లె, డీ దాదీ, ఈ ఎల్లవ్వ, ఎఫ్ ఫూఫీ. దాదీని, ఫూఫీని, అంటే నానమ్మనూ మేనత్తనూ, పక్కనున్న ముస్లింల ఇంటి నుంచి తెచ్చుకుంది. పొద్దున లేస్తే చుట్టాలంతా మా ఇంట్లోనే దిగేవారు.

యంత్రానికి బోర్డు బిగించకముందే అక్క కామెర్లతో పోయింది.

ఆ తర్వాత రోజుల తరబడి నా నోటి నుంచి మాట వచ్చేది కాదు. ఒకసారి కిరాణా కొట్టులో ఉప్పు అడిగితే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎవరితో మాట్లాడాలి? పని ఒక్కటే మిగిలింది. అది కూడా ఆగిపోతే ఆమె మంద వృథాగా పోయినట్టే కదా అనే భయంతో చేస్తూ పోయాను.

తాండూరులో ఖాజా సేటు అని ఒక షెడ్డు యజమాని తన యంత్రం మీద పెట్టి చూడనిచ్చాడు. మంచివాడే, కానీ మొహమాటం లేదు. శుక్రవారం హైదరాబాదు నుంచి బేరగాళ్లు వస్తున్నారు, వాళ్ల ముందు సరిగ్గా కోస్తే ఉంచుతా, లేకపోతే పాత చక్రం మళ్లీ బిగిస్తా అన్నాడు. ఆ యంత్రం కోసం ప్రోగ్రాం కొత్తగా రాశాను. అక్క పోయాక రాసింది అది. ఆమె దాన్ని చూడలేదు.

గురువారం సాయంత్రం నానా అవస్థ పడి కోడ్లన్నీ ఎక్కించి, కరెంటు తీయకుండా వదిలి ఇంటికి రైలెక్కాను. శుక్రవారం పొద్దున్నే మళ్లీ షెడ్డుకు వచ్చాను. మధ్యాహ్నం సేటు నమాజుకు వెళ్లాడు. తిరిగొచ్చాక కోత చూస్తామని బేరగాళ్లూ, వాళ్లతో పాటు పనివాళ్లూ భోజనాలకు వెళ్లారు. షెడ్డులో నేనొక్కణ్నే. అప్పుడు పోయింది కరెంటు. కాసేపటికి వచ్చింది గానీ బోర్డులో ఏమీ మిగల్లేదు. జేబు తడుముకున్నాను. కోడ్ల కాగితం లేదు. అది నిన్నటి చొక్కాలో, వికారాబాదులో ఉంది.

నాకు ఏడుపొచ్చింది. అక్క పోయిన రోజు కూడా అలా ఏడవలేదు.

"మూడు ఎల్లవ్వ."

నా ఎడమ భుజం వెనక నుంచి. వేలు దానంతటదే వెళ్లి నొక్కింది.

"ఎనిమిది సున్న. దాదీ మూడు."

అదే వేగం. ఎల్లవ్వ అన్నప్పుడల్లా చివర కొంచెం సాగదీయడం కూడా అలాగే. భయం వేయలేదు, ఆశ్చర్యం కూడా కలగలేదు. తల ఎత్తకుండా నొక్కుతూనే ఉన్నాను. చివరి కోడు అయ్యాక, "అయింది తమ్మీ" అని వినిపించింది. మీట నొక్కితే బల్ల మెత్తగా కదిలింది.

బయట ఎవరో దగ్గారు. ఖాజా సేటు. గుమ్మం పక్కన నేల చూపులు చూస్తూ నిలబడి ఉన్నాడు.

"లోపల ఎవలో ఆడోళ్ల గొంతు ఇనబడ్డదని బయటనే నిల్చున్న. దాదీ, ఫూఫీ అంటుంటే మావోళ్లే అనుకున్న. పోయిన్రా?" అన్నాడు.

పోయారన్నాను. ఆ షెడ్డుకు ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. ఎటు నుంచి పోయారని ఆయన అడగలేదు. అక్క సంగతి ఆయనతో నేనెప్పుడూ ఎత్తలేదు.

బేరగాళ్లు టేపు పెట్టి బండలు కొలిచి తలలూపారు. సేటు మిగతా యంత్రాలకు కూడా బిగించమన్నాడు. మరునాడు కాగితం తెచ్చి బోర్డులో ఉన్నదాంతో ఒక్కొక్కటే పోల్చాను. ఒక్క తప్పు లేదు.

రాసింది నేనే కాబట్టి మనసులో ఉండిపోయి ఉంటుంది, నేనే పైకి అనుకుని ఉంటాను అని చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఇవాళ అడిగితే అందులో మొదటి వరస దాటి చెప్పలేను. పైగా నా గొంతు బొంగురు గొంతు, దాన్ని ఆడగొంతు అని ఏ చెవిటివాడూ అనుకోడు.

తర్వాత హైదరాబాదులో ఆ ప్రోగ్రామును కరెంటు పోయినా చెరగని చిప్పులోకి ఎక్కించాను. ఇక ఎవరూ చదవాల్సిన పని లేకపోయింది. ఇంట్లో పాత బోర్డును నేనే కావాలని ఆపి, మళ్లీ వేసి, మీటల మీద వేళ్లు పెట్టుకుని ఎన్నోసార్లు కూర్చున్నాను. ఒక్క మాట రాలేదు. కోపం వచ్చేది నాకు. సేటు పని కోసం వచ్చినదానివి నా కోసం రావా అక్కా అని గట్టిగా అరిచాను కూడా.

ఆ రోజు చదివింది ఎవరో నేను చెప్పలేను. సేటు మర్యాద కోసం లోపలికి తొంగిచూడలేదు. నేనేమో, తల తిప్పితే ఒక్క కోడు తప్పుతుందని, తప్పితే ఆమె గొర్రెలన్నీ మట్టిపాలవుతాయని, మీటల మీద నుంచి చూపు తీయలేదు. అంత దగ్గరగా, భుజం వెనకే ఉందే. యంత్రం నడిచింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.