ఐదు తలకట్లు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మూడే మాటలు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువనుకున్నాను. కాలేదు. మొదటి వాక్యం రాసి రెండుసార్లు టీ పెట్టుకొచ్చాను.

ఒకటి ముందే ఒప్పుకోవాలి. ఆ వీడియో తలచుకుంటే ఇప్పటికీ నాకు మొదట పొంగేది సంతోషమే. సిగ్గు తర్వాత వస్తుంది.

కడపలో డిజైన్ చదివేటప్పుడు ఆఖరి సంవత్సరం మాకొక పని ఇచ్చారు. లేని కంపెనీ ఒకటి ఊహించుకోవాలి. దాని మూలం సైన్సులో ఉండాలి. ప్రచార వీడియోలో బొమ్మ ఒక్కటీ ఉండకూడదు, అక్షరాలే ఆడాలి. నాది చేతి గడియారాల కంపెనీ. పేరు ‘కక్ష్య’. దాని పక్కన ‘తప్పదు’ అని ఒక్క మాట. పరమాణువులో ఎలక్ట్రాన్లు తిరిగినట్టు అక్షరాల చుట్టూ ఏదో తిరగాలి. ఏం తిరగాలి? నెల రోజులు అన్నం తింటున్నా అదే ప్రశ్న. కంప్యూటర్‌లో ఉన్న తెలుగు అక్షరాలన్నీ పెట్టి చూశాను. అన్నీ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని ఫొటోకు నిలబడ్డవాళ్లలా బిగుసుకుపోయాయి.

క్రిస్మస్ ముందు కోసిగిలో మా ఇంటికి వెళ్లాను. మా ఇంటికి ఎదురుగా చర్చి. దాని గోడ మీద ఏటా కొత్త వాక్యం రాసేది దేవదానం మామ. చుట్టం కాదు, వీధి వరస. ఊళ్లో దుకాణాల బోర్డులన్నీ ఒకప్పుడు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ గోడ ఒక్కటే మిగిలింది.

ఆయన రాసే తీరు వేరు. సుద్ద పూసిన దారంతో గీత కొట్టి, ముందు అక్షరాలన్నీ బోడిగా రాస్తాడు. తలకట్లు ఉండవు. నిచ్చెన దిగి, రోడ్డుకు ఇవతల నిలబడి, కళ్లు చికిలించి చూస్తాడు. అక్షరాల మధ్య ఎడం ఎక్కువైతే తుడిచి మళ్లీ రాస్తాడు. అంతా కుదిరాక, వరస ఈ చివర నుంచి ఆ చివరకు టక టక టక, తలకట్లన్నీ ఒకే ఊపులో పెట్టేస్తాడు. గోడ లేచి నిలబడ్డట్టుంటుంది.

చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆ రోజు కనపడింది. తిరగాల్సింది తలకట్లే! కేక పెట్టాను. తేలు కుట్టిందేమోనని అమ్మ పరుగున బయటికొచ్చింది.

గోడ ఫొటోలు తీసుకున్నాను. గోడ మీద లేని ‘క్ష’ కోసం మామ రాసిన పాత కిరాణా బోర్డు దాకా వెళ్లాను. ఆ అక్షరాల్నే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. నల్లటి తెర మీద బోడి అక్షరాలు. చుట్టూ ఐదు తలకట్లు గిరగిరా తిరుగుతూ దగ్గరవుతాయి. టిక్కుమన్న చప్పుడుకొకటి చొప్పున వాలతాయి. ఐదోది వాలగానే, కక్ష్య తప్పదు! కుర్చీలోంచి ఎగిరి దూకాను. హాస్టల్ అమ్మాయిలందర్నీ లాక్కొచ్చి చూపించాను. ప్రదర్శన రోజు హాలంతా చప్పట్లు. మా మాస్టారు అడిగారు, ఈ అక్షరాలు ఎవరివని.

నావే అన్నాను. ఎందుకన్నాను? భయమా? కాదు. ఆ చప్పట్లలో ఇంకొకరికి చోటివ్వబుద్ధి కాలేదు.

అంతటితో ఆగితే మరిచిపోయేదాన్నేమో. ఊరికి వచ్చాక ఆగలేక వీధి వీధంతా ఫోన్‌లో చూపించాను. మామ కూడా వచ్చి తొంగి చూశాడు. మొహమంతా వెలిగిపోయింది.

“శానా బాగ ఎగరాడిస్తాండావే! ఏమ్మా, ఇవి నా అచ్చరాల మాదిరే ఉండాయే?”

చుట్టూ జనం. మాస్టారికి చెప్పిన మాట గుర్తొచ్చింది.

“కంప్యూటరే రాసింది మామా.”

“తలకట్లు ఆఖర్న పెట్టేది కూడా దానికి తెలుసా?”

“తెలుసు.”

ఆయన తెర వైపు ఇంకాసేపు చూశాడు. “అట్లయితే ఇంక నేను నిచ్చెన ఎక్కేదెందుకమ్మా,” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వే నన్ను తినేస్తోంది.

అంతకుముందు ఏటా గోడ పని అయ్యాకే ఆయన గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయేవాడు. ఆ పైయేడు గోడ ముట్టుకోలేదు. “నాకన్నా కంప్యూటర్ బాగా రాస్తాది” అని పాస్టరు గారికి చెప్పి, ఫ్లెక్సీ వేయించుకోమని, పండగకు ముందే బండెక్కాడు. అప్పటి నుంచి ఆ గోడ మీద ఫ్లెక్సీలే. ఇస్త్రీ చొక్కా అక్షరాలు. ఫ్లెక్సీలు ఆయన్ని ఆ గోడ మీద నుంచి దించలేకపోయాయి. నేను దించాను.

కర్నూలులో నా ఉద్యోగం ఆ వీడియో చూసి ఇచ్చిందే. మామ ఊళ్లో ఉన్నప్పుడు ఇప్పటికీ పలకరిస్తాడు, “ఏమ్మా, కొత్తగా ఏమన్నా ఎగరాడిస్తాండావా?” అని. నిజం చెప్పకుండా ఏదో ఒకటి అని తప్పించుకుంటాను. చెబితే తిడతాడని కాదు. పోనీలేమ్మా అంటాడేమోనని. రాయకుండా పోయిన ఆ గోడలన్నీ ఆయనకు ఎవరు తిరిగిస్తారు? నన్ను ఊరడించకండి. వింటే చాలు.

ఆ ఐదు అక్షరాలూ దేవదానం మామవి. తలకట్లు ఆయనవి. వాటిని ఆఖరున పెట్టే తీరూ ఆయనదే. కంప్యూటర్‌కు అలా రాయడం రాదు. నాకూ రాదు.

రాసేశాను. ఐదో తలకట్టు వాలిన రోజు కుర్చీలోంచి ఎగిరి దూకాను. ఇప్పుడు మెల్లగా లేచి, మూడోసారి టీ పెట్టుకోవడానికి వెళ్తున్నాను.