చేత్తో కలిపిన మందు

మొన్న డాబా మీద మిరపకాయలు ఎండబోయడానికి పాత పేపర్లు పరుస్తుంటే, రక్తాన్ని పుట్టించే మూలకణాల మీద పరిశోధన గురించి ఓ వార్త కంటపడింది. ఆ కణాలు ఎందుకు చచ్చిపోతాయో, రక్తం జబ్బులు దేనివల్ల వస్తాయో ఇంకా వెతుకుతూనే ఉన్నారట. కాయల సంగతి మర్చిపోయి అక్కడే చతికిలబడ్డాను. మా బాబాయి గుర్తొచ్చాడు.

దర్శి దగ్గర మాది పత్తి వ్యవసాయం. నేను డిగ్రీ చదివే రోజుల్లో, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బాబాయి ఉన్నట్టుండి పాలిపోయాడు. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద నల్లమచ్చలు. "ఒంట్లో రక్తం లేదు, అంతే" అని మా నాయనమ్మ తేల్చేసి బీట్‌రూట్లు, దానిమ్మలు, మేక కార్జం పెట్టించింది. ఆయన పేరు చెప్పి వండిన బీట్‌రూట్ కూర తిని మేమంతా నిగనిగలాడాం గానీ, ఆయన మాత్రం తెల్లబడుతూనే ఉన్నాడు.

చివరికి హైదరాబాదులో తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేశారు. రక్తం జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. "మూలుగలో రక్తానికి విత్తనాల్లాంటి కణాలుంటాయండీ. ఈయనలో అవి దాదాపు లేవు." ఏం పని చేస్తారని అడిగితే, పత్తి సేద్యమని నాన్న చెప్పాడు. తర్వాత ఆవిడ, పురుగుమందు ఎలా కలుపుతారని అడిగింది. బాబాయి హుషారుగా చొక్కా మోచేతి పైకి మడిచి, చెయ్యి గాలిలో గిరగిరా తిప్పి చూపించాడు. "కర్రకేం తెలుసుద్దండీ? చెయ్యి పెడితేనే మందు కలిసిందీ లేందీ తెలిసేది." ఆవిడ రాస్తున్న పెన్ను ఆగిపోయింది. "దీనివల్లేనని కచ్చితంగా చెప్పలేను. కావచ్చు" అంది. సెలవుల్లో బాబాయి మందు కలిపే డ్రమ్ములో నీళ్లు పోసింది నేనే.

నాన్న మూలుగ తన తమ్ముడికి సరిపోయింది. కానీ ఎక్కించేలోపే జ్వరం ముదిరి బాబాయి పోయాడు.

పెద్దకర్మ అయిన వారానికి చేనుకు పురుగు తగిలింది. అన్నం క్యారియర్ పట్టుకుని వెళ్లేసరికి, నాన్న చెయ్యి మోచేతిదాకా డ్రమ్ములో ఉంది. డాక్టరమ్మ చెప్పిందంతా పక్కనే కూర్చుని విన్న మనిషి! డ్రమ్మును కాలితో తన్నేశాను.

"ఏందే, పిచ్చి పట్టిందా!" అని అరిచాడు. అంతలోనే తడిచేతిని చూసుకుని, "పాతికేళ్ల అలవాటమ్మా... చెయ్యి దానంతటదే పోయింది" అంటూ గట్టు మీద కూలబడి ఏడ్చాడు.

కారణం తేల్చడానికి ఆ పరిశోధకులకు ఇంకెన్నేళ్లు పడుతుందో. మా ఇంట్లో చెయ్యి డ్రమ్ములోంచి బయటికి రావడానికే ఒక మనిషి ఆయుష్షు పట్టింది.