తప్పెట మోగని కార్తీకం

వానలు పడి ఏరు నిండితే చాలు, మా ఊరి ఒడ్డునున్న తుమ్మతోపు తెల్లబడిపోయేది. గూడబాతులు, కొంగలు, నీటికాకులు ఒక్క చెట్టు మీదే పైనా కిందా కాపురాలు పెట్టేవి. వాటి రెట్ట కలిసిన నీళ్లు పారితే పైరుకు వేరే ఎరువు అక్కర్లేదు. అందుకే ఊరంతా వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలనేది. పిల్లలు ఎగిరిపోయేదాకా టపాసు కాల్చకూడదు, తప్పెట కొట్టకూడదు. ఆ కట్టుబాటుకు మా నాయన కాపలా. ఆ నెలల్లో ఇంట్లో ఎవరైనా గట్టిగా తుమ్మినా ఉరిమి చూసేవాడు. పక్షులు బెదిరి లేస్తే గుడ్లు కాకుల పాలవుతాయని ఆయన భయం.

యాభైల చివర, నా చిన్నతనంలో, ఓ ఏడు మా అక్క కూడా పురిటికి వచ్చింది. కార్తీకంలో నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందంది మంత్రసాని. నెల్లూరు ఆసుపత్రికని బండి కట్టారు గానీ, పొంగిన ఏరు దాటనివ్వలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ ఒడ్డునే, బండిలోనే పోయారు.

అమ్మ ఒక్కటే అడిగింది.

"తప్పెట లేకుండా నా బిడ్డను దిక్కులేనిదాని మాదిరి పంపొద్దయ్యా."

నాయన తలెత్తలేదు. "గుడ్ల మీదుండాయి మే. నువ్వు కూడా గొంతెత్తొద్దు" అన్నాడు.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా అక్క పాడె తోపు దాటిపోయింది. ఆ పక్షులంటే నాకు అసహ్యం పుట్టింది. ఇప్పటికీ అది పూర్తిగా పోలేదు.

ఆ తర్వాత ఏడాదంతా అమ్మ కంట నీటిచుక్క చూడలేదు. మళ్లీ వానలొచ్చాయి, పక్షులొచ్చాయి. గుడ్లు పెట్టాయని నాయన మురిసిపోతూ చెప్పిన రోజు, అమ్మ చేతిలో చేట అక్కడే పడేసి తోపుకు నడిచింది. మేము వెంట పరిగెత్తాం. చెట్ల కింద నిలబడి, గుండెలు బాదుకుంటూ, అక్కను పేరుపెట్టి పిలుస్తూ శోకాలు తీసింది. ఏటి అవతల నాట్లేస్తున్నవాళ్లు నడుములెత్తి చూశారు.

"ఆపు మే, లేచిపోతాయి" అంటూ నాయన పైకి చూశాడు.

ఒక్క పక్షీ లేవలేదు. ఓ గూడబాతు మెడ తిప్పి చూసి, మళ్లీ గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. నాయన చాలాసేపు అలా పైకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కండువా మొహానికి అడ్డం పెట్టుకుని అమ్మ పక్కన కూలబడ్డాడు. ఆయన ఏడుపు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.