చదివాకే సంతకం

మా ఊరు చుండూరుకు కూతవేటు దూరం. డెబ్బయ్యవ దశకం మొదట్లో పంచాయతీ ఎన్నికల్లో నన్ను మెంబరుగా నిలబెట్టారు. ఆడవాళ్లకొక సీటు ఉండి తీరాలి కాబట్టి, తెనాలిలో ఎస్సెల్సీ దాకా చదివాను కాబట్టి, అన్నిటికీ మించి ప్రెసిడెంటు గారు మావారి పెదనాన్న కొడుకు కాబట్టి. నాకు బావగారు. నేను ఎదురు చెప్పనని ఆయన ధీమా. కూలీల పేట ఓట్లతో గెలిచాను.

మీటింగంటే మా ఊళ్లో మీటింగు కాదు. పంచాయతీ గుమస్తా తీర్మానాల పుస్తకం చంకన పెట్టుకొని ఇంటింటికీ వచ్చేవాడు. ఒకరు గడ్డం గీయించుకుంటూ, ఇంకొకరు అరుగు మీద చుట్ట కాలుస్తూ సంతకం పెట్టేవాళ్లు. నేను గరిటె పక్కన పడేసి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని, అతను వేలు చూపిన చోట రాసేదాన్ని. అందులో ఏముందని ఒక్కసారీ అడగలేదు. చదువుకున్నదాన్నన్న పొగరుకేం తక్కువ లేదు గాని, చదివింది మాత్రం సున్నా.

ఒక ఎండాకాలం కాలువలకు నీళ్లు కట్టేశారు. మా పొలంలో పనికొచ్చే పేట ఆవిడ పెరట్లోకి వచ్చి నిలబడింది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. పేటలో బోరింగు వేయిస్తామని ఓట్లప్పుడు వాళ్ల గడప గడపకీ వెళ్లి చెప్పింది నేనే.

"బోరింగు సామాను వచ్చిందంటమ్మా. ప్రెసిడెంటు గారి రైసుమిల్లు దగ్గర దింపారు. ఇదేంటండీ అని గుమస్తా గారినడిగితే, మీరే ఒప్పుకొని సంతకం పెట్టారన్నాడు. నిజమేనామ్మా?"

లేదనబోయాను. చదవకుండా పెట్టిన సంతకాలన్నీ గుర్తొచ్చాయి. పేటలో చెరువు అడుగు బురదనీళ్లు గుడ్డలో వడగట్టుకొని తాగుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఒళ్లు కూడా మండింది, ముందు నా మీద, తర్వాత బావగారి మీద.

నేరుగా పంచాయతీ ఆఫీసుకు వెళ్లి పుస్తకం అడిగాను. "ప్రెసిడెంటు గారు చెప్పాలండి" అని గుమస్తా నసిగాడు.

"నా సంతకం నేను చూసుకోడానికి ఆయన చెప్పాలా? ఇటివ్వండి!"

ఇచ్చాడు. సభ్యులందరూ హాజరై, బోరింగును మిల్లు వద్ద వేయుటకు ఏకగ్రీవంగా తీర్మానించారట. ప్రతిపాదించింది నేనేనట! తేదీ చూశాను. మళ్లీ చూశాను. అంత కోపంలోనూ నవ్వొచ్చింది.

మా గుమస్తా పంచాంగం చూడందే కాలు బయట పెట్టని మనిషి. జరగని మీటింగుకు కూడా మంచిరోజే చూసి రాసేవాడు. మంచిరోజున పెళ్లిళ్లు కూడా ఉంటాయన్నది అతనికి తట్టలేదు. ఆ రోజు ప్రెసిడెంటు గారి మేనకోడలి పెళ్లి. ఊరు ఊరంతా ప్యాసింజరెక్కి బాపట్ల వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే మెంబర్లందరినీ పిలిపించాను. అక్క పేటనంతా వెంటబెట్టుకొచ్చి పంచాయతీ అరుగు ముందు కూర్చోబెట్టింది. రైతులూ వచ్చారు. ఇంటి పరువు పోతుందని గొణిగిన మావారు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. తీర్మానాన్ని తేదీతో సహా గట్టిగా చదివాను.

"బావగారూ, ఆ రోజు మనమందరం బాపట్లలో పప్పన్నం తింటున్నాం గదండీ. ఈ మీటింగు పందిట్లో జరిగిందా, బంతిలో జరిగిందా?"

ఒక ముసలి రైతు అందుకున్నాడు. "నా విస్తట్లో బూరెలు పడ్డాయి గాని తీర్మానం పడలేదయ్యా!"

అందరూ గొల్లుమన్నారు. బావగారు మొహం గంటు పెట్టుకొని, "ఇంట్లో అడిగితే చెప్పేవాణ్ణి గదమ్మాయ్, నలుగురిలో ఎందుకు?" అన్నారు.

"ఓట్లు నలుగురిలోనే అడిగాం గదండీ" అన్నాను.

కొట్టెయ్యమని బావగారు గుమస్తాకేసి చెయ్యూపారు. గుమస్తా పాత తీర్మానాన్ని అడ్డంగా కొట్టేశాడు. బోరింగు పేటలోనే వేయాలని కొత్తది రాసి, ఊరందరికీ వినపడేలా చదివాడు. మొదటి సంతకం బావగారితో పెట్టించి, తర్వాత నేను పెట్టాను. ఎంత గర్వంగా ఉందో! ఆ పుస్తకం మళ్లీ ఎవరి ఇంటి గడపా తొక్కలేదు.

వారం తిరక్కుండా పేటలో బోరింగు దిగింది. ముందు బురద వచ్చింది, తర్వాత తేటనీళ్లు. అక్క దోసిలి పట్టి తాగి, తడి మొహంతోనే నా వైపు తిరిగింది.

"మళ్లీ నిలబడితే ఓటు మీకేనమ్మా. కానీ ఈసారి నెలనెలా వచ్చి, ఏం చేశారని అడుగుతాం."

"తప్పకుండా రా అక్కా" అన్నాను.

నెల తిరక్కముందే వచ్చింది, పేటకు వీధిదీపం ఎప్పుడని.