గంగన్నా, ఇంజను ఆపు!

దయ్యాలూ, గాలి సోకడాలూ నేను ఏనాడూ నమ్మినవాణ్ణి కాదు. నేను ఇంజన్ల మెకానిక్కుని. ఏ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో చెవిపెట్టి కనుక్కోవడమే నా బతుకుతెరువు. లేని చప్పుడు విన్నామని ఎవరైనా చెబితే ముఖం మీదే నవ్వేవాణ్ణి. ఆ రోజు తర్వాత నవ్వడం మానేశాను. అంతే తప్ప, ఇప్పటికీ నమ్ముతున్నానా అంటే చెప్పలేను.

మాది పుంగనూరు దగ్గర, పెద్దపంజాణి వైపు ఒక పల్లె. నాన్న త్వరగా పోయాడు. నన్ను పెంచింది మా అన్న రెడ్డెప్ప. కొంచెం మెట్ట, ఒక బావి మా ఆస్తి. మదనపల్లెలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో నన్ను పనికి పెట్టింది ఆయనే. ఎనభైల మొదట్లో, కొచ్చిన్‌లో పడవల ఇంజన్లకు మెకానిక్కులు కావాలని ఒక లారీ డ్రైవరు చెబితే, వెళ్లమన్నదీ ఆయనే. కుప్పం దాకా వచ్చి రైలెక్కించాడు.

"మన బాయిలో ఈదినట్ట కాదు, సముద్రం. బద్రం అప్పా" అన్నాడు కిటికీ పట్టుకుని.

అక్కడ కొన్నాళ్లు చేపల బోట్ల మీద పనిచేశాక ఒక తెరచాప పడవలో కుదిరాను. ఎవరో విదేశీయుడు అమ్మేసి వెళ్లిన పడవ అది. దాన్ని కొన్న యజమాని సరదాగా సముద్రంలో తిరగాలనుకునే వాళ్లకు రెండు మూడు రోజులకు బాడుగకిచ్చేవాడు. లోపల మెట్లు దిగితే చిన్న ఇల్లే. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, కాలితో తొక్కితే నీళ్లొచ్చే కుళాయి, చేతిపంపు కొట్టాల్సిన మరుగుదొడ్డి. పనివాళ్లం ఇద్దరమే. పడవ నడిపేది జోసఫ్ అనే మలయాళీ. పంపులు, బ్యాటరీలు, ఇంజను నావి.

గాలికి నడిచే పడవకు ఇంజనెందుకని మా ఊళ్లో అడిగేవాళ్లు. రేవు దాటాలన్నా, గాలి పడిపోయినప్పుడు కదలాలన్నా అదే దిక్కు. మాది పెట్రోలుతో నడిచే పాత ఇంజను. మెట్ల కింద ఒక పెట్టెలో ఉండేది. దాని పొగ గొట్టం మంచాల కిందుగా పోయి పడవ వెనక బయటికి తేలేది. పొద్దున్నే ఆయిలు చూడటం, అడుగున చేరిన నీళ్లు పంపుతో తోడేయడం, బ్యాటరీలో నీళ్లు సరిచూడటం, ఇంజను వేడెక్కకుండా తిరిగే సముద్రపు నీరు వెనక గొట్టంలోంచి సరిగ్గా పడుతోందో లేదో చూడటం నా పనులు. మిగతా సమయంలో జోసఫ్ నాకు చుక్కాని పట్టడం నేర్పేవాడు.

అది ఎండాకాలం. బెంగుళూరు నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. ఆయనకు సముద్రం మోజు. ఆమెకు భయం. నాకు కన్నడం వస్తుందని తెలిశాక ఆ అమ్మ నన్ను వదిలిపెట్టలేదు. మీ ఊళ్లో వానలు పడ్డాయా, పెళ్లయిందా అని ఏదో ఒకటి అడుగుతూ, భయం మరిచిపోవడానికి నా పక్కనే కూర్చునేది.

రెండో రోజు మధ్యాహ్నం గాలి దాదాపు ఆగిపోయింది. జోసఫ్ ఇంజను వేయమన్నాడు. కాసేపటికి మబ్బు కమ్మి వాన మొదలైంది. వాళ్లిద్దరూ లోపలికి దిగారు. వాన కొట్టకుండా మెట్ల మూత, పైన గాలి కిటికీలు మూసేశాం. జోసఫ్ ముందువైపు నిలబడి తెరచాప చుట్టి కడుతున్నాడు. నేను వెనక చుక్కాని పట్టుకుని కూర్చున్నాను. ఇంజను చప్పుడులో ఏ తేడా లేదు. ఇది ముఖ్యం కాబట్టి చెబుతున్నాను.

అప్పుడు వినపడింది.

"గంగన్నా! ఇంజను ఆపు! పైకి రా అప్పా!"

అది మా అన్న గొంతు. పిలిచిన పేరు మాత్రం నాది కాదు. తిరునాళ్ల గోలలో కూడా గుర్తుపట్టగలను. మళ్లీ అదే మాట, ఈసారి ఇంకా గట్టిగా.

మాట నా తల మీదినుంచి వచ్చింది. ఎవరో బావి గట్టు మీద వంగి లోపలికి అరిస్తే గోడలకు తగిలి ఎలా గుండ్రంగా మోగుతుందో అలా మోగింది. సముద్రం మధ్య గోడలెక్కడివి? ఒడ్డు వానలో సన్నటి గీతలా ఉంది. తలెత్తి చూస్తే వాన తప్ప ఏమీ లేదు.

ఇంజను ఆపేశాను. ఆలోచించి ఆపలేదు. మా ఇంట్లో అన్న మాటకు ఎదురు లేదు, చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోయింది.

జోసఫ్ వెనక్కి తిరిగి, ఎందుకు ఆపావని అరిచాడు. మేం మాట్లాడుకునేది సగం తమిళం, సగం మలయాళం.

"ఎవరో పిలిచారు. గంగన్న ఎవరు?" అన్నాను.

"ఏ గంగన్న? నీకేమైనా పిచ్చా?" అన్నాడు.

ఇంజను ఆగాక పడవంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలోనే నాకు తట్టింది, లోపలినుంచి మాటలు రావడం లేదని. "అమ్మా!" అని పిలిచాను. పలకలేదు. మూత తీశాను. వేడిగాలి ముఖానికి కొట్టింది. పొగ లేదు, చెప్పుకోదగ్గ వాసన కూడా లేదు. ఆమె కుళాయి దగ్గర పడిపోయి ఉంది. ఆయన మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా నిద్రపోతున్నవాడిలా ఉంది. ఆ రంగు ఇప్పటికీ కళ్లలో ఉంది.

ఊపిరి బిగబట్టి ఆమెను నేను లాగాను. జోసఫ్ ఆయన్ను లాగాడు. పైకి వచ్చేసరికి జోసఫ్ తూలిపోయాడు. వానలోనే పడుకోబెట్టాం. ఆమె కాసేపటికి వాంతి చేసుకుంది. ఆయనకు ఊపిరి అందీ అందనట్టుంది. జోసఫ్ ఆయన నోట్లో నోరు పెట్టి గాలి ఊదుతూ ఉంటే నేను రేడియోలో రేవువాళ్లను పిలిచాను. లాంచి పంపుతామన్నారు, కానీ దూరం. ఇంజను వేద్దామంటే, దాని పొగే లోపల చేరిందేమోనని జోసఫ్ ఒప్పుకోలేదు. తెరచాప మళ్లీ ఎత్తాం. ఆ కొద్దిపాటి గాలికే ఒడ్డువైపు పాకుతూ పోయాం. పడవ అంత మెల్లగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ఆమెకు తెలివొచ్చాక భర్త చెయ్యి పట్టుకుని, "ఉన్నారా? ఉన్నారా?" అని అడుగుతూనే ఉంది.

లాంచి వచ్చింది. ఇద్దరూ బతికారు. ఇంజను పొగలో వాసన లేని విషం ఉంటుందని, ఇంకాస్త ఆలస్యమైతే రెండు శవాలు దించేవాళ్లమని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత పలకలు విప్పి చూస్తే, మంచం కింద ఎవరికీ కనపడని చోట పొగ గొట్టం చీలి ఉంది.

ఆసుపత్రిలో ఆ అమ్మ నన్ను, ఎలా తెలిసిందని అడిగింది.

"ఇంజను చప్పుడు తేడాగా అనిపించిందమ్మా" అన్నాను. ఇంకేం చెప్పను?

మరునాడు టెలిగ్రాం వచ్చింది. అన్న సీరియస్, వెంటనే రా అని. టెలిగ్రాంలో సీరియస్ అంటే ఏమిటో మా కాలంవాళ్లందరికీ తెలుసు. రైల్లో కుప్పం, అక్కడినుంచి బస్సు. పుంగనూరు బస్టాండులో మా ఊరాయన ఒకడు నన్ను చూసి భుజం మీద చెయ్యి వేసి, నా సంచి అందుకున్నాడు. ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది.

వదిన గడప దగ్గర కూర్చుని ఉంది. ఏడుపు ఆగిపోయిన ముఖం. నేను అడక్కుండానే చెప్పింది.

"నీళ్లు అడుక్కు పోయినాయని ఇంజను బాయి లోపలి గట్టు మీదికి దించినారప్పా. గంగన్న దిగి నడిపిస్తాండాడు. నేను సద్ది తీసుకోని పోతాండా. మీ అన్న గట్టున వంగుకోని అరస్తాండాడు. 'గంగన్నా, ఇంజను ఆపు, పైకి రా అప్పా' అని. రెండు తూర్లు అరిసినాడు. వాడు పలకలే. ఇంగ మీ అన్నే దిగేసినాడు. వద్దని నేను అనేలోపలే దిగేసినాడు."

"గంగన్న ఎవరు వదినా?" అన్నాను.

"సోమల నుంచి వచ్చిన పిలకాయ. మొన్న మొన్ననే పనికి కుదిరినాడు. నీకు తెలీదులే."

నిజమే, నాకు తెలియదు. మా అన్నకు చదువు రాదు, ఉత్తరాలు రాయించే అలవాటూ లేదు. నేను ఊరొచ్చి అప్పటికి ఏడాది దాటింది. ఎప్పుడు జరిగిందని అడిగాను. అదే రోజు, అదే మధ్యాహ్నం. అక్కడ మబ్బు కూడా లేదట, ఎండ మండిపోతోందట.

కిరసనాయిలు ఇంజను పొగ బావిలో నిండిపోయింది. పక్క చేనివాళ్లు వచ్చి తాళ్లు దించారు. లోపలి గట్టు మీద పడి ఉన్న గంగన్న ముందు చేతికి దొరికాడు. అన్న జారి నీళ్లలో పడిపోయాడు. ఆయన్ను తీసేసరికి ప్రాణం లేదు.

గంగన్న మదనపల్లె ఆసుపత్రిలో ఉంటే వెళ్లి చూశాను. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. నన్ను చూడగానే మంచం మీదే లేచి రెండు చేతులూ జోడించాడు.

"అన్న పైనుంచి పిలిచినాడంట. వినపడలేదా?" అన్నాను.

"ఏమీ ఇనపడలేదన్నా. ఇంజను సప్పుడొకటే. తల దిమ్ముగా ఉన్నింది, కూకున్యా. అంతే. ఇనపడింటే వచ్చేసుందు కదన్నా" అని ఏడ్చాడు.

ఆ తర్వాత నా సామాన్లు తెచ్చుకోవడానికి కొచ్చిన్ వెళ్లాను. నా జ్ఞాపకమే తప్పేమో, వదిన చెప్పాక ఆ పేరు కల్పించుకున్నానేమో అని జోసఫ్‌ను అడిగాను. అతను మరిచిపోలేదు. "గంగన్న ఎవరని నువ్వు అడిగావు. నీకు కూడా పొగ ఎక్కిందనుకున్నాను" అన్నాడు.

పొగ ఎక్కి ఉండొచ్చు. నేను ఆరుబయట కూర్చున్నా, గాలి వెనకనుంచి వీస్తే కాస్త పొగ మీదికి వచ్చేది. పొగ ఎక్కితే లేని గొంతులు వినపడతాయని డాక్టర్లు అంటారు. కానీ తెలియని మనిషి పేరు పొగలోంచి ఎలా వస్తుంది? ఇక్కడికొచ్చి ఆగిపోతాను.

నేను మళ్లీ సముద్రం మీదికి పోలేదు. పుంగనూరులో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. ఈ సంగతి వదినకు చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. ఒక సాయంత్రం ఆమె చేటలో చెనక్కాయలు ఒలుస్తుంటే, పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పాను. చెయ్యి ఆపకుండా విన్నది. ఆ బెంగుళూరు వాళ్లు బతికారా అని మాత్రం మధ్యలో అడిగింది. బతికారన్నాను.

ఆఖరి కాయ ఒలిచి చేట పక్కన పెట్టింది.

"అంత దూరాన ఉండే నీకు ఇనపడింది" అంది చివరికి. గొంతులో కోపం లేదు. "కిందనే ఉన్నోడికి ఏల ఇనపడలేదప్పా?"

ఆమె కాసేపు నా ముఖం చూసి, చేట తీసుకుని లోపలికి పోయింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేను మాత్రం ఇంజను ఆపిన ప్రతిసారీ, ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దంలో, ఆ ప్రశ్న దగ్గరే నిలబడి ఉంటాను.