తిప్పయ్య ఒక్కపొద్దులు

ఓబుళేసు ఇప్పుడు కదిరి దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతున్నాడు. పిల్లలకు బాగానే చెబుతాడని పేరు. కాలేజీ లెక్చరర్ కావలసినవాడు ఇక్కడ ఎందుకు ఆగిపోయాడని అడిగేవాళ్లకు అతను జవాబు చెప్పడు. నేను చెబుతాను. నా నోరు ఊరుకోదు.

మేమిద్దరం ఒకే హాస్టల్ గదిలో ఉన్నాం. పందొమ్మిదివందల ఎనభై అయిదులో ఎం.ఏ. చివరి సంవత్సరం మొదలైనప్పుడు వార్డెన్ మమ్మల్ని జతకట్టాడు. నాది యాడికి అనే ఊరు, చదివేది ఎకనామిక్స్. అతనిది కుందుర్పి పక్కన చిన్న పల్లె, చదివేది సోషియాలజీ. మొదటి వారంలోనే పోట్లాడుకున్నాం. పోట్లాట వాళ్ల నాయన గురించి.

వాళ్ల నాయన పేరు తిప్పయ్య. కురుబ మనిషి. కొన్ని గొర్రెలు, కాస్త ఎర్రనేల, వాన పడితే వేరుశనగ, పడకపోతే ఏమీ లేదు. భార్య పోయాక ఒక్కడే కొడుకును పెంచాడు. దేవుడంటే పెద్ద లెక్క ఉన్న మనిషి కాదు. జాతరలో పూజారి హారతి పళ్లెం ముందుకు చాపితే, "మొదట వాన కురిపించమను, మళ్లా మాట్లాడదాం" అని పక్కకు తప్పుకునేవాడట. అలాంటివాడు రెండేళ్లుగా శనివారం ఒక్కపొద్దు ఉంటున్నాడు. తర్వాత సోమవారం కూడా పట్టాడు. ఈ మధ్య గురువారమూ పట్టాడని ఓబుళేసు మురిసిపోతూ చెప్పాడు.

"మా నాయనకు భక్తి ముదిరినాదప్పా" అన్నాడు.

"ఇంగో రెండు దినాలు కలుపుకుంటే ఆయనే దేవుడైపోతాడులే" అన్నాను నేను. ఎగతాళి నా జబ్బు. ఓబుళేసు చాప చుట్టుకుని వరండాలో పడుకున్నాడు. మాట కలపడానికి చాలా రోజులు పట్టింది.

ఒక్కపొద్దు అంటే మా సీమలో అందరికీ తెలిసిందే. దేవుని పేరు చెప్పుకుని పగలంతా ఏమీ తినకుండా ఉండి, పొద్దు వాలాక స్నానం చేసి, మడిగా వండి, దేవునికి చూపించి ఒక్క పూట తినడం. ఆ సంవత్సరం ఓబుళేసు పల్లెలో ఇది తిప్పయ్య ఒక్కడి సంగతి కాదు. ఏ ఇంట్లో అడిగినా ఎవరో ఒకరు ఒక్కపొద్దు. వానలు ఎగ్గొట్టిన కొద్దీ ఒక్కపొద్దులు పెరుగుతున్నాయి.

చివరి సంవత్సరంలో సోషియాలజీ వాళ్లు ఒక ఊరు తిరిగి చూసి, డిసర్టేషన్ రాసి, పరీక్షకుల ముందు కూర్చుని జవాబులు చెప్పాలి. ఓబుళేసు ఈ సంగతే రాస్తానన్నాడు. కరువులో భక్తి పెరుగుతుందని. అతనికి గైడు రామదాసు గారు, గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆయనకు విషయం తెగ నచ్చింది. "ఇది బాగా వస్తే నీకు ఫస్ట్ క్లాసు, లెక్చరర్ పోస్టు రెండూ వస్తాయయ్యా" అన్నారు. ఓబుళేసు కోరికల్లా అదే. పోస్టు రాగానే నాయన్ని పట్నానికి తెచ్చుకుంటాడు, గొర్రెల వెంట తిరగనివ్వడు.

సంక్రాంతి సెలవుల ముందు రామదాసు గారు ఓబుళేసు రాసినంతవరకు చదివి, ఒక కొరత పట్టుకున్నారు. ఎవరు ఏ దేవుని పేరున ఉంటున్నారు, విడిచేటప్పుడు ఏం వండుతున్నారు అనేది ఎక్కడా లేదు. అది కూడా అడిగి రమ్మన్నారు. ఓబుళేసు ఊరికి వెళ్లాడు. ఆ తర్వాత జరిగింది అతను నాకు చెప్పిందే.

మొదట పక్కింటి నల్లమ్మ అవ్వను అడిగాడు. ఆమె రాగులు విసురుతోంది. రాగులంటే రాగులు కావు, పొట్టూ నలుసూ ఎక్కువ.

"అవ్వా, నీ గురువారం ఒక్కపొద్దు యా దేవునిది?"

"ఆంజనేయస్వామిది."

"శనివారంది గదా ఆంజనేయస్వామిది?"

"అయితే గురువారం ఇంగొకరిది. ఎవరిదో ఒకరిది రాసుకో."

"విడిచేటప్పుడు ఏం వండుతావు?"

నల్లమ్మ విసురురాయి ఆపింది. అతని ముఖంలోకి చూసింది. "ఒరే ఓబుళేసా, నువ్వు చదివింది ఇదేనా? రొండు పూట్లకు లేక ఒక పూట తింటాండాం. దాన్ని ఒక్కపొద్దు అనక ఏమంటారు? ఆ పాడుమాట ఇంట్లో అనొచ్చునా?"

పాడుమాట అంటే పస్తు. మన ఇళ్లలో బియ్యం అయిపోతే అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. లేదని నోటితో అంటే ఉన్నది కూడా పోతుందని భయం. ఓబుళేసు ఇదంతా వింటూ పెరిగినవాడే. తనూ నిండుకున్నాయి అనే అంటాడు. అయినా తన నాయన మాట దగ్గరికి వచ్చేసరికి చెవులు మూసుకుపోయాయి. నాయన భక్తుడయ్యాడని నమ్మడం సులభంగా ఉండింది కాబోలు. ఎంతైనా మనిషి తనకు కావలసిందే వింటాడు, చదువుకున్నవాడు ఇంకొంచెం ఎక్కువ వింటాడు.

ఇంటికి పోయి తిప్పయ్యను నిలదీశాడు.

"పస్తుండావని నాకు చెప్పొచ్చు గదా నాయనా!"

తిప్పయ్య చేతిలో ఉన్న కంబళి కింద పెట్టాడు. "ఆ మాట నా గడప లోపల అనొద్దు. మీయమ్మ పోయినబ్బుడు కూడా ఈ ఇంట్లో ఆ మాట అనలేదు. దాన్ని పుస్తకంలో రాసి పట్నమంతా చదివిస్తావా?"

"అయితే నేను చదువు మాని వచ్చేస్తా. కూలికి పోతా."

"మానుకుంటే ఇన్ని దినాలు నేను ఒక్కపొద్దు ఉన్నిందంతా ఉత్తదే అయితాది" అన్నాడు తిప్పయ్య. "ముగించుకుని రా."

అంతే. అంతకుమించి ఆ మనిషి ఏనాడూ ఒప్పుకోలేదు.

ఓబుళేసు తిరిగొచ్చి రామదాసు గారితో ఇదంతా చెప్పాడు. ఆయన కొట్టిపారేయలేదు. ఆలోచించారు. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఒక్కరైనా ఆ మాట వాళ్ల నోటితో అనాలి కదా. నువ్వు అనుకున్నది రాస్తే అది సర్వే ఎలా అవుతుంది? నేనే వచ్చి అడుగుతాను పద" అన్నారు. జీపు దొరికింది. తోడుగా నేనూ ఎక్కాను.

మేము వెళ్లింది బుధవారం. తిప్పయ్య ఉతికిన పంచె కట్టుకుని ఊరి ముందర నిలబడి ఉన్నాడు. ఎండిన చింతబరికెలాగా ఉన్నాడు, కానీ నవ్వు పెద్దది. ఇంట్లోకి పోగానే ఘుమఘుమలాడింది. గుడ్లు పెట్టే కోడిని కోయించి, నల్లమ్మ చేత వండించాడు. బియ్యం ఎక్కడ తెచ్చాడో నాకు తెలియదు. రామదాసు గారికి, నాకు, కొడుక్కు విస్తర్లు వేశాడు.

"మీరూ కూర్చోండి తిప్పయ్యగారూ" అన్నారు రామదాసు గారు.

"మీరు తినండి సారూ. నాకు ఈపొద్దు ఒక్కపొద్దు."

"బుధవారం కూడానా?"

"బుధవారం కూడా ఉండాది సారూ."

రామదాసు గారు ఎంతో మర్యాదగా అడిగారు. "ఏమీ అనుకోకండి. తినడానికి లేక కాదు కదా?"

తిప్పయ్య పకపకా నవ్వాడు. "ఏం మాట సారూ అది! మీకేమన్నా తక్కువ చేసినామా? కూర వేసుకోండి."

రామదాసు గారు కూర వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను. ఓబుళేసు తలెత్తలేదు. అతని విస్తట్లో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. తిప్పయ్య కొడుకు పక్కన గొంతుక్కూర్చుని, "తిను, తిను" అని విసనకర్రతో ఈగలు తోలుతూనే ఉన్నాడు. నల్లమ్మ వాకిట్లో నిలబడి అంతా చూసింది.

తిరిగి వస్తుంటే జీపులో రామదాసు గారు అన్నారు. "నీ పాత పద్ధతిలోనే రాసెయ్యి ఓబుళేసూ. ఆయన నిష్ఠ నేను కళ్లారా చూశాను."

ఆ రాత్రి గదిలో నేను అరిచాను. ఇంత పచ్చి అబద్ధం ఎట్లా రాస్తావని అరిచాను. ఓబుళేసు మెల్లగా అన్నాడు, "బాలప్పా, నిజం రాయాలంటే మళ్లీ ఊరంతా తిరగాల. ఈ సంవత్సరం పోతాది. ఇది ఇచ్చేస్తే జూన్‌లో ఉద్యోగం. నాయన్ని తెచ్చి రొండు పూట్లా సంగటి పెడతా. నాకు ఆయన తినేది కావాల. పుస్తకంలో ఏమున్నా ఏమి?" అతను రాసి, టైపు చేయించి, బైండు చేయించి ఇచ్చేశాడు.

తిప్పయ్య మే నెలలో పోయాడు. గొర్రెలను తోలుకుని పోయినవాడు మధ్యాహ్నం గట్టు మీద పడిపోయాడు. వడదెబ్బ అన్నారు. ఆ ఎండల్లో ఎవరు పోయినా వడదెబ్బే. కబురు అందగానే నేను ఓబుళేసుతో పాటు వెళ్లాను. ఒంటికి నీళ్లు పోయడానికి పంచె తీసినప్పుడు ఆ కడుపు చూసి నల్లమ్మ తన కొంగు తీసి కప్పేసింది. అది శనివారం. వచ్చినవాళ్లంతా ఒకటే మాట. "పుణ్యాత్ముడు, ఒక్కపొద్దు దినమే పోయినాడు." ఓబుళేసు అందరికీ తల ఊపాడు. ఏడవలేదు. నాకు అక్కడి అందరి మీదా కోపం వచ్చింది, చచ్చిపోయిన తిప్పయ్య మీద మరీ కోపం వచ్చింది. ఇంకొక నెల ఆగి ఉంటే ఏం పోయింది ఆ మనిషికి?

దినాలు అయిన వారానికే వైవా. ఓబుళేసు గుండు తలతోనే వెళ్లాడు. నేను తలుపు బయట నిలబడ్డాను, లోపలి మాటలు వినిపిస్తున్నాయి. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మంచివాడే. పుస్తకం బాగుందని మెచ్చుకున్నాడు. రామదాసు గారు సంతోషంగా దగ్గారు. ఆ గుండు చూసి పరీక్షకుడు ఆదరంగా అడిగాడు.

"మీ నాయనగారు కూడా ఈ ఒక్కపొద్దు ఉండేవారా?"

"ఉండినాడు సార్. దాంతోనే సచ్చిపోయినాడు."

ఓబుళేసే మళ్లీ అన్నాడు. మాట స్పష్టంగా ఉంది. "ఈ పుస్తకంలో ఒక్కపొద్దు అని రాసినచోటంతా పస్తు అని చదువుకోండి సార్. నేను తెలిసే తప్పు రాసినాను."

పరీక్షకుడు పుస్తకం మూసేశాడట. "మీరే తప్పంటున్నదానికి నేను మార్కులు ఎలా వేసేది? వెనక్కి తీసుకోండి. ఆరు నెలల్లో సరిచేసి ఇవ్వండి" అన్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ ఏటి ఫస్ట్ క్లాసులో, ఆ ఏటి పోస్టుల్లో ఓబుళేసు లేకుండా పోయాడు.

రామదాసు గారు బయటికి వచ్చి వరండాలో బల్ల మీద కూలబడ్డారు. "నేను ఆయనింట్లో రెండుసార్లు కూర వేసుకున్నానయ్యా" అన్నారు.

జూలైలో ఓబుళేసూ నేనూ మళ్లీ ఆ పల్లెకు వెళ్లాం. వాన అప్పటికీ రాలేదు. నల్లమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఓబుళేసు ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఎవరన్నా నోరు తెరిచి చెప్తేనే రాయనిస్తారు. లేకుంటే నాయన భక్తితో పోయినాడనే ఉండిపోతాది. నువ్వు చెప్తావా?"

ఆమె వీధి అటూ ఇటూ చూసింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నిలబడి వింటున్నారు. వాళ్లు వెళ్లిపోతారేమోనని ఆగింది. వాళ్లు వెళ్లలేదు.

"రాసుకో" అంది నల్లమ్మ. "నా ఇంట్లో పస్తు. నిన్న పస్తు, మొన్న పస్తు. దేవుడు లేడు, ఏమీ లేదు. అయితే ముందు మీ నాయన పేరు రాయి. ఆయప్ప పేరు లేకుండా నా పేరొక్కటే ఉంటే నాకు సిగ్గు."

"నాయన వద్దన్నాడు గదవ్వా."

"ఆయప్పకు ఇంగ సిగ్గేంటికిరా? రాయి."

ఓబుళేసు పెన్ను తీసి తిప్పయ్య అని రాశాడు. దాని ఎదురుగా పస్తు అని రాశాడు. రాసి, ఆ అరుగుకు తల ఆనించి, నాయన పోయినప్పటి నుంచి ఏడవనిదంతా ఒక్కసారిగా ఏడ్చాడు. వీధిలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నల్లమ్మ ఓదార్చలేదు. కాసేపు చూసి, అతని భుజం పట్టి కుదిపింది.

"ఏడ్చింది చాలు గాని, నా పేరు కూడా రాయి" అంది.